దాళ్వా, యాసంగి: ఒక క్యాంపు ఊరి తెలుగు

ఉద్యోగం వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో ముగ్గురం కలిసి ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఆదివారం వంట మాదే. చిత్తూరు వైపునుంచి వచ్చినతను "ఉర్లగడ్డ తాళింపు చేద్దాం" అనేవాడు. భీమవరం అబ్బాయి "బంగాళాదుంప వేపుడు" అనేవాడు. నేను ఒక వారం ఆలుగడ్డ అనేవాణ్ణి, ఇంకో వారం బంగాళాదుంప అనేవాణ్ణి. ఒకరోజు భీమవరం అబ్బాయి గరిటె పక్కన పెట్టి అడిగాడు: "ఒరేయ్, అసలు నీదేవూరు?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇప్పటికీ పడుతుంది. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ఆ దుంప సంగతి చూద్దాం. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపావాళ్ళ ఓడల్లో మనదాకా వచ్చిన దుంప అది. కోస్తావాళ్ళ దృష్టిలో అది బంగాళా నుంచి వచ్చింది, కాబట్టి బంగాళాదుంప. తెలంగాణకి ఉర్దూ వెంట వచ్చింది, కాబట్టి ఆలు, దానికి మన గడ్డ తోడై ఆలుగడ్డ. చిత్తూరు, నెల్లూరు వైపు తమిళ ఉరుళైక్కిళంగు నోట్లో నలిగి ఉర్లగడ్డ అయింది. ఒకే కూర, మూడు దారులు. ఏ ఊరు ఏ దిక్కుకి తలుపు తెరుచుకుని కూర్చుందో ఆ మాటే చెప్తుంది.

యాస అంటే మట్టి వాసన అని మనకి అలవాటైన మాట ఒకటి ఉంది. నాకు మట్టికన్నా దారులే ఎక్కువ కనిపిస్తాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా పదాలు సేకరింపజేసి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని 1962లో తెచ్చారు. అది వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలది. రైతునీ, సాలెవాణ్ణీ అడిగి రాసుకున్న నిఘంటువులు అవి. ఆ పరిశీలన మీదే తెలుగుని నాలుగు మండలాలుగా చూడటం స్థిరపడింది: శ్రీకాకుళం, విశాఖలు పూర్వ మండలం, రాయలసీమ, నెల్లూరు దక్షిణ మండలం, తెలంగాణ ఉత్తర మండలం, గోదావరి, కృష్ణా, గుంటూరులు మధ్య మండలం.

ఈ గీతలు నేల సహజంగా గీసినవి కావు. చాలామటుకు ఒప్పందాలు గీసినవి. 1766లో ఉత్తర సర్కారులు నిజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీకి వెళ్ళాయి. గుంటూరు 1788లో వెళ్ళింది. 1800లో దత్తమండలాలు వెళ్ళాయి. మిగిలిన తెలుగు నేల 1948 దాకా నిజాం కిందే ఉంది. ఒకవైపు మద్రాసు నుంచి ఇంగ్లీషు పాలన. ఇంకోవైపు కచేరీలోనూ కోర్టులోనూ ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. అందుకే ఊరి లెక్కలు రాసే మనిషి అక్కడ కరణం, ఇక్కడ పట్వారీ. ఊరి పెద్ద అక్కడ మునసబు, ఇక్కడ పటేలు. జబ్బు చేస్తే అక్కడ ఆసుపత్రి, ఇక్కడ దవాఖాన. ఇవి భాషలో తేడాలుగా కనిపిస్తాయి కానీ, నిజానికి ఎవరి గుమ్మం ముందు మనం అర్జీ పట్టుకుని నిలబడ్డామో దాని గుర్తులు.

ఈ నాలుగు మండలాల పటంలో ఒక చిక్కు ఉంది. యాసల్ని పరిశీలించేవాళ్ళు సాధారణంగా ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఎక్కడికీ వెళ్ళని పెద్దవాళ్ళని వెతుక్కుంటారు. ఆ పనికి అది సరైన పద్ధతే. కానీ అలా చేసినప్పుడు కదిలినవాళ్ళు పటంలోంచి జారిపోతారు. మా ఇల్లు అలా జారిపోయిన ఇళ్ళలో ఒకటి.

నేను పుట్టింది నిజామాబాద్ జిల్లాలో, బోధన్ వైపు ఒక క్యాంపులో. తెలియనివాళ్ళకి క్యాంపు అంటే నాలుగు గుడారాలు అనిపించవచ్చు. మా దగ్గర అది ఊరి పేరు. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. సుమారు 2.75 లక్షల ఎకరాలకి నీళ్ళివ్వాలని సంకల్పం. నీళ్ళు వచ్చాయి కానీ అన్ని ఎకరాలూ ఒక్కసారిగా మాగాణి కావాలంటే పెట్టుబడీ మనుషులూ కావాలి. అదే సమయానికి కృష్ణా, గోదావరి డెల్టాల్లో భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలైపోయి, ధర మాత్రం పెరిగిపోయి ఉంది. అక్కడ ఉన్న కాస్తా అమ్మితే ఇక్కడ దానికి చాలా రెట్లు వచ్చేది. బంధువు వెనక బంధువు వచ్చారు. కాలవ పక్కన పాకలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి, క్యాంపులే ఊళ్ళయ్యాయి. 1953లో తుంగభద్ర డ్యామ్ నీళ్ళు వదిలాక ఇదే కథ కర్ణాటకలో సింధనూరు, గంగావతి, మాన్వి వైపు జరిగింది. అక్కడా ఊరి పేరు చివర క్యాంపే.

మా నాయనమ్మ గుడివాడ వైపునుంచి చిన్నపిల్లగా వచ్చింది. ఆవిడ తెలుగు ఆవకాయ జాడీ లాంటిది. మూత గట్టిగా బిగించి తెచ్చుకున్నది. నాటు వేయడాన్ని ఊడ్పులు అనేది. తొలి పంట సార్వా, రెండో పంట దాళ్వా. కాలవమీద నీళ్ళు వదిలేవాడు లస్కరు. మేం సెలవులకి గుడివాడ వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలు ఆవిడ మాటలకి నవ్వేవాళ్ళు. వాళ్ళ దగ్గర పోయిన మాటలు ఈవిడ దగ్గర ఉన్నాయి. వలస వెళ్ళినవాళ్ళు భాషని వదిలేస్తారనుకుంటాం. కానీ గుంపుగా, సొంత భూమి కొనుక్కుని వెళ్ళినవాళ్ళు దాన్ని ఇంటికన్నా భద్రంగా దాచుకుంటారు.

మా పొలానికి నీళ్ళు కట్టే తాత ఒకాయన ఉండేవాడు. పక్క ఊరి మనిషి. నాయనమ్మ దాళ్వా అన్నదాన్ని ఆయన యాసంగి అనేవాడు. ఆవిడ ఊడ్పులు, ఆయన నాట్లు. ఆవిడ ధాన్యం, ఆయన వడ్లు. ఆవిడ ఆయన్ని పాలేరు అనేది. ఆయన తనని తాను జీతగాణ్ణి అని చెప్పుకునేవాడు. ఇద్దరూ ఒకే గట్టుమీద నిలబడి, ఒకే మడి గురించి, రెండు నిఘంటువులతో మాట్లాడుకునేవాళ్ళు. ఒకరిది ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది. తేడా ఏమిటంటే, ఆయన ఆవిడతో మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడు దాళ్వా అనేవాడు. ఆవిడ మాత్రం ఆయనతో యాసంగి అనడం నా చిన్నప్పుడు నేను వినలేదు.

నాయనమ్మకి ఒక మాట ఉండేది: "మేం రాకముందు ఇక్కడోళ్ళకి వరి పండించటం తెలీదురా." క్యాంపుల్లో దాదాపు ప్రతి ఇంట్లో విన్న మాటే. నేనూ నమ్మాను. ఒకసారి ఆ తాతతో అన్నాను కూడా. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఊరవతల చెరువు వైపు చెయ్యి చూపించాడు.

"గా చెర్వు మీరొచ్చినంక తవ్విండ్రా బిడ్డా? మా తాత దానికి నీరటి. మత్తడి దుంకినప్పుడల్లా ఊరంత పోయి సూస్తుండె."

ఆ వయసులో ఆ జవాబు విలువ తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. నీళ్ళు పంచే మనిషికి నీరటి అని సొంత మాట ఉంది. నిండిన చెరువు పొంగి పారే చోటికి మత్తడి అని మాట ఉంది. నీళ్ళు వదిలే రంధ్రానికి తూము, చెరువు లోపలి నేలకి శిఖం. వరి తెలియనివాళ్ళకి ఇన్ని మాటలు ఎందుకుంటాయి? రామప్ప గుడి 1213 నాటిది, దాని పక్కన చెరువూ ఆ కాలానిదే. పాకాల, లక్నవరం కాకతీయుల కాలంలో తవ్వినవి. గొలుసుకట్టు చెరువుల కింద ఏడెనిమిది వందల ఏళ్ళుగా వరి పండుతూనే ఉంది. మావాళ్ళు తెచ్చింది వరిని కాదు. పెట్టుబడినీ, కాలవ కింద రెండు పంటలూ తీసే డెల్టా అలవాటునీ.

ఇంకో సంగతి. ఆ డెల్టా అలవాటు మాత్రం ఎంత పాతది? 1833లో గుంటూరు సీమని కరువు ఊడ్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. లాకులు అనే మాట వినండి. అది ఇంగ్లీషు లాక్. లస్కరు కూడా కాటన్ కాలవల వెంట ఊళ్ళలోకి దిగిన మాటే. ధవళేశ్వరానికీ నిజాంసాగర్‌కీ మధ్య ఉన్నది డెబ్బై తొమ్మిదేళ్ళు. అంటే మూడు తరాలు. మాకన్నా మూడు తరాల ముందు మా వాళ్ళూ వానకోసం ఆకాశం చూసినవాళ్ళే. ఆ మూడు తరాలు అందించిన తీరుబడిలోంచి బళ్ళు వచ్చాయి, అచ్చు యంత్రాలు వచ్చాయి, పత్రికలు వచ్చాయి. చదువుకున్నవాళ్ళ మాట ప్రమాణం అయింది. ఏ యాసా పుట్టుకతో ప్రామాణికం కాదు. నీళ్ళు పారిన చోట నిలబడినదే అయింది. వాడుకభాష కోసం పోరాడిన గురజాడ, గిడుగు ఇద్దరూ ఉత్తర కోస్తావాళ్ళు. అయినా చివరికి పుస్తకాల్లో స్థిరపడింది విజయనగరం తెలుగు కాదు, డెల్టా తెలుగు.

ఇక బడి గురించి చెప్పాలి. ఇదే నాకు అన్నిటికన్నా కష్టమైన భాగం.

ఐదో తరగతిలో నా పక్కన కూర్చునే స్నేహితుడు ఆ తాత మనవడే. సొంత వాక్యాలు రాయమంటే "మా నాయన దుబాయి నుంచి వచ్చిండు" అని రాశాడు. సారు వచ్చిండు కింద ఎర్ర గీత గీసి, పైన వచ్చాడు అని రాశాడు. నేను "మా నాన్న బోధన్ నుంచి వచ్చాడు" అని రాశాను. నాకు ఒక రైటు. నేను పడిన కష్టం ఏమీ లేదు. ఇంట్లో మాట్లాడినట్టే రాశాను. వాడూ ఇంట్లో మాట్లాడినట్టే రాశాడు. ఆ సారు కూడా స్టాఫ్‌రూమ్‌లో "హెడ్మాస్టర్ వచ్చిండా" అని అడిగేవాడే. ఆయన తప్పు దిద్దలేదు, ఆయనకి ఒకప్పుడు పడిన దిద్దుబాటుని మావాడికి అందించాడు.

ఏది తప్పు? వచ్చిన అన్న మాట చివర మనిషిని సూచించే డు చేరితే వచ్చినాడు. రాయలసీమ ఇప్పటికీ అలాగే అంటుంది. తెలంగాణ దాన్ని కుదించి వచ్చిండు అంటుంది, అయినా వచ్చిన లోని నకారం అందులో ఇంకా మోగుతూనే ఉంది. కోస్తా వచ్చాడులో ఆ నకారం పూర్తిగా అరిగిపోయింది. మూడిట్లో ఎక్కువ అరిగిన నాణెం మాది. దానికే రైటు పడింది.

ఆ స్నేహితుడి నాన్న దుబాయి వెళ్ళడం కూడా ఈ కథలో భాగమే. ప్రాజెక్టు కింద భూమి ఉన్నవాళ్ళకి నీళ్ళు దొరికాయి. లేనివాళ్ళు, బోర్లు ఎండినవాళ్ళు నిజామాబాద్, కరీంనగర్ ఊళ్ళలోంచి గల్ఫ్‌కి వెళ్ళారు. మహబూబ్‌నగర్ నుంచైతే పాలమూరు లేబర్ పేరుతో గుంపు మేస్త్రీల వెనక దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు. తమ పొలానికి రాని నీళ్ళకి వాళ్ళే కట్టలు పోశారు. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు తమ యాసని అక్కడ పాతుకోలేదు. అక్కడి మాటల్నే ఇక్కడికి మోసుకొచ్చారు. మా వైపు ఊళ్ళలో కఫీల్ అంటే ఎవరో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. కాగితాలు లేకుండా యజమాని దగ్గర్నుంచి బయటపడి చాటుగా పని చేసుకునేవాణ్ణి "కల్లివెల్లి అయిండు" అంటారు. అరబ్బులు 'పోనీలే, వదిలెయ్' అన్నట్టు వాడే మాట అది. ఎడారిలో ఎవరో విసుగ్గా అన్నది, ఒక మనిషి బతుకు స్థితికి పేరై తెలుగు పల్లెలో స్థిరపడింది.

రెండు వలసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. భూమి కొనడానికి కదిలినవాళ్ళు మాటల్ని తీసుకెళ్ళారు. చేతులు అమ్ముకోవడానికి కదిలినవాళ్ళు మాటల్ని మార్చుకున్నారు, లేదా అప్పు తెచ్చుకున్నారు. యాస మనం ఎక్కడ పుట్టామో చెప్తుందంటారు. ఏం పట్టుకుని కదిలామో, వెళ్ళిన చోట ఎవరికి లొంగాల్సివచ్చిందో అంతకన్నా కచ్చితంగా చెప్తుంది.

అయితే భూమి ఉన్నంత మాత్రాన జాడీ ఎప్పటికీ చెడకుండా ఉంటుందా? బళ్ళో ఆ భాష లేకపోతే ఉండదు. తుంగభద్ర క్యాంపుల్లో మాకు చుట్టాలున్నారు. పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. మా పెళ్ళి కార్డు పంపితే మా బావగారి అబ్బాయి తెలుగు అక్షరాలు చదవలేక ఫోన్ చేసి అడిగాడు. ఇంకా వెనక్కి వెళ్తే తమిళనాడులో కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేల ఉంది. విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగువాళ్ళు వెళ్ళి నల్లరేగడిలో ఊళ్ళు కట్టుకున్న చోటు. ఆ వలస కథనే కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా 1976లో రాశారు. దాని తరవాతి నవలకి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన ఇంటి భాష తెలుగు. రాసింది తమిళంలో. అంతేకాదు, ఆ కరిసల్ నేల మాటలకి ఆయన ఒక మాండలిక నిఘంటువు కూర్చారు. అది తమిళ మాండలికానిది. మా భద్రిరాజు గారి ప్రశ్నే అది, జవాబు ఇంకో భాషలో. వలస వచ్చినవాడు ఆ నేలకి పరాయివాడుగా మిగిలిపోలేదు, ఆ నేల మాటలకి కాపలాదారుడయ్యాడు. ఇది చదివినప్పటినుంచీ నాకు మా క్యాంపు మీద కొంచెం సిగ్గు, కొంచెం ఆశ.

సిగ్గు ఎందుకంటే, 2014 తరవాత నేనూ యాస మార్చాను. ఆఫీసులో "ఏం సంగతి, ఎప్పుడొచ్చిండ్రు" అనడం మొదలుపెట్టాను. నేనూ ఇక్కడివాణ్ణేనని రుజువు చేసుకోవడానికి. అబద్ధం కాదు, బళ్ళో పక్క బెంచీల్లో నేర్చుకున్నదే. కానీ అవసరం వచ్చేదాకా దాన్ని పెట్టెలోనే ఉంచాను. నా స్నేహితుడు మాత్రం ఆ పాటికి ఇంటర్వ్యూల కోసం వచ్చాడు, వెళ్ళాడు నేర్చేసుకున్నాడు. ఒకసారి ఇద్దరం కలిసినప్పుడు, వాడు నా ఇంటి తెలుగూ నేను వాడి ఇంటి తెలుగూ మాట్లాడుతున్నామని సగంలో గమనించి నవ్వుకున్నాం. కాసేపటికి వాడే అన్నాడు: "నువ్వు మాట్లాడితే ముద్దుగుంది అంటరు. నేను మాట్లాడితే ఏ ఊరు అంటుండె." సినిమాల్లో ఎన్నో ఏళ్ళు ఈ యాస హాస్యగాడికో, రౌడీకో మాత్రమే దక్కింది. ఇప్పుడు హీరోకి వచ్చింది. ఆ మార్పు మంచిదే. అయితే ఎర్ర గీతలు పడ్డ నోటుబుక్కులు ఎవరివో మర్చిపోకూడదు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటాం. పదకొండు రోజులకి, సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం. రెండు రోజులూ రెండు శిబిరాలవి అనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరూ ఎక్కడివాళ్ళు? గిడుగు పనిచేసింది పర్లాకిమిడిలో, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాస్తూ. 1936లో ఆ ఊరు ఒడిశాలోకి వెళ్తే ఆయన రాజమండ్రికి తరలిపోయారు. కాళోజీ పుట్టింది ఇప్పటి కర్ణాటకలో. తల్లి కన్నడిగుల ఆడపడుచు, తండ్రి మహారాష్ట్రుడు. మన తెలుగుకి కాపలా కాసినవాళ్ళు ఇద్దరూ గట్టు మీద నిలబడినవాళ్ళే. ఇంటి భాష పక్కింటి భాషతో రాసుకునే చోట చెవి పదును తేరుతుందేమో.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వ కాగితాల్లో ఖరీఫ్, రబీ పోయి వానాకాలం, యాసంగి వచ్చాయి. తాత అప్పటికి లేడు. నాయనమ్మ ఉంది. చివరి ఏడాది ఒకరోజు ఫోన్‌లో పొలం సంగతి అడిగితే, "యాసంగి నాట్లు పడ్డాయిరా" అంది. ఎనభై ఏళ్ళు పట్టింది ఆ రెండు మాటలు ఆవిడ నోటికి రావడానికి. క్రియ మాత్రం ఇంకా గుడివాడదే. నీదేవూరు అని అడిగితే ఇప్పుడు నేను ఆ వాక్యం చెప్తాను.

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ అదే ఫోన్‌లో ఇంకో ముక్క కూడా అంది: "మన పాలేరు మనవడు దుబాయ్ నుంచి వచ్చాడంట." జీతగాడు అన్న మాట మాత్రం ఆవిడ దగ్గరికి చివరిదాకా రాలేదు.